పొదుపు మీట నొక్కితే మిగిలేదెంత?

విద్యుత్ మోటారు సైకిల్ కొనడానికి వెళ్లిన వ్యక్తి అడిగే మొదటి ప్రశ్న ఇప్పటికీ పాతదే. ఎంత మైలేజీ ఇస్తుంది? పెట్రోలు బండ్ల కాలంలో అమ్మకందారు ఒక అంకె చెప్పేవాడు. కొనుగోలుదారు అందులో పదో పదిహేనో మనసులోనే తగ్గించుకునేవాడు. విషయం అక్కడితో తేలిపోయేది. ఇప్పుడు ఆ ఒక్క ప్రశ్నకు మూడు సమాధానాలు వస్తున్నాయి. 2019 ఆగస్టులో దేశీయ విపణిలోకి వచ్చిన రివోల్ట్ ఆర్‌వీ400 మోటారు సైకిల్‌నే తీసుకుంటే, కంపెనీ ప్రకటన ప్రకారం ఒకసారి పూర్తిగా చార్జి చేస్తే అది ఎకో మోడ్‌లో 150 కిలోమీటర్లు, నార్మల్ మోడ్‌లో 100 కిలోమీటర్లు, స్పోర్ట్ మోడ్‌లో 80 కిలోమీటర్లు నడుస్తుంది. బండి అదే, బ్యాటరీ అదే, నడిపే మనిషీ అతడే. మారేదల్లా హ్యాండిల్ మీద ఉన్న చిన్న మీట మాత్రమే.

ఆ మూడు అంకెల పక్కన మరో మూడు అంకెలు ఉన్నాయి. ఎకో మోడ్‌లో ఆ బండి గరిష్ఠ వేగం గంటకు 45 కిలోమీటర్లు. నార్మల్‌లో 65, స్పోర్ట్‌లో 85. మొదటి మూడు అంకెలకు అసలు కారణం ఈ రెండో వరుసలో ఉంది. హైదరాబాదులో రూపుదిద్దుకున్న ప్యూర్ ఈవీ ఎకోడ్రిఫ్ట్ మోటారు సైకిల్‌లో కూడా మూడు మోడ్‌లకు వేగ పరిమితులు వరుసగా 45, 60, 75 కిలోమీటర్లు. ఏథర్, ఓలా, టీవీఎస్, బజాజ్ స్కూటర్లలో పేర్లు వేరైనా పద్ధతి ఇదే. ఎకో అనే మాట అన్నింటిలోనూ ఉంది.

2024-25 ఆర్థిక సంవత్సరంలో దేశంలో 11 లక్షలకు పైగా విద్యుత్ ద్విచక్ర వాహనాలు రిజిస్టరు అయ్యాయి. కేంద్ర ప్రభుత్వ వాహన్ పోర్టల్ లెక్క ఇది. అందులో తెలంగాణ వివరాలు చేరవు గనుక అసలు సంఖ్య ఇంకా ఎక్కువే. వీటిని కొన్నవారిలో అత్యధికులు నిత్యం ఉద్యోగానికో వ్యాపారానికో నగర రద్దీలో తిరిగేవారు. పొదుపు మీట వీరికి నిజంగా ఎంత మిగులుస్తోంది, ఎక్కడ మిగులుస్తోంది, ఆ మిగులుకు చెల్లిస్తున్న మూల్యం ఏమిటి అన్నవి చిన్న ప్రశ్నల్లా కనిపించినా, వాటి వెనుక ప్రభుత్వ రాయితీ విధానం నుంచి రోడ్డు భద్రత దాకా చాలా విషయాలున్నాయి.

మీట చేసే పని

ఎకో మోడ్ బ్యాటరీలోకి అదనపు శక్తినేమీ తీసుకురాదు. మోటారుకు వెళ్లే విద్యుత్ ప్రవాహానికి కంట్రోలర్ ఒక హద్దు గీస్తుంది. యాక్సిలరేటర్‌ను పూర్తిగా తిప్పినా ఆ హద్దు దాటి ప్రవాహం పెరగదు. ఫలితంగా బండి నెమ్మదిగా వేగం పుంజుకుంటుంది, ఒక స్థాయి దగ్గర ఆగిపోతుంది. ఒకప్పటి పెట్రోలు స్కూటర్ల వేగమాపకం మీద ఆకుపచ్చ గీత ఒకటి ఉండేది. దాన్ని దాటకుండా నడిపితే పెట్రోలు కలిసివస్తుందని దాని అర్థం. ఆ గీతను చాలామంది పట్టించుకునేవారు కారు. విద్యుత్ బండిలో ఆ గీతే గోడగా మారింది.

గోడ వల్ల ఆదా ఎలా వస్తుందో తెలుసుకోవడానికి కొద్దిపాటి లెక్క అవసరం. బండి, మనిషి కలిసి 200 కిలోలనుకుందాం. చదునైన దారిలో ఒకే వేగంతో పోతున్నప్పుడు బండి రెండు శక్తులతో పోరాడాలి. ఒకటి, టైర్లకూ రోడ్డుకూ మధ్య నిరోధం. ఇది వేగంతో పెద్దగా మారదు. కిలోమీటరుకు సుమారు 8 వాట్-అవర్లు దీనికి పోతాయి. వెయ్యి వాట్-అవర్లు అంటే మన కరెంటు బిల్లులో ఒక యూనిట్. రెండోది, ఎదురుగాలి. దీని స్వభావం వేరు. వేగం రెట్టింపైతే కిలోమీటరుకు గాలి తినే శక్తి నాలుగు రెట్లవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో గాలి వాటా 12 వాట్-అవర్లయితే, 60 దగ్గర అది 27కు, 80 దగ్గర 48కి చేరుతుంది. రెండూ కలిపితే 40 వేగంలో కిలోమీటరుకు 20, 60 వేగంలో 35, 80 వేగంలో 56 వాట్-అవర్లు చక్రం దగ్గర అవసరమవుతాయి. మోటారులో, తీగల్లో పోయే నష్టాన్ని కూడా కలుపుకుంటే బ్యాటరీ ఇవ్వవలసింది ఇంకా ఎక్కువ. కూర్చున్న భంగిమను, బండి ఆకారాన్ని, టైర్లలో గాలిని బట్టి ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి గాని వాటి మధ్య నిష్పత్తి పెద్దగా మారదు. 85 వేగంలో 80 కిలోమీటర్లకు చాలిన బ్యాటరీ 45 వేగంలో 150 కిలోమీటర్ల దాకా రావడంలో వింతేమీ లేదని దీన్నిబట్టి స్పష్టమవుతోంది.

అంటే ఎకో మోడ్ చేసే ఆదాలో సింహభాగం వేగాన్ని తగ్గించడం వల్ల వచ్చేదే. నార్మల్ మోడ్‌లో ఉండి తనంతట తాను 45 దాటకుండా నడిపే వ్యక్తికి ఇంచుమించు అదే దూరం వస్తుంది. మీట అతడి మణికట్టుకు బదులుగా పనిచేస్తోంది.

రద్దీలో అసలు కథ

ఇక్కడే ఒక చిక్కు ఎదురవుతుంది. మన నగరాల్లో వేగాన్ని నిర్ణయించేది మీట కాదు, ముందున్న బస్సు. టామ్‌టామ్ సంస్థ 2024 సంవత్సరానికి ప్రకటించిన ట్రాఫిక్ సూచీ ప్రకారం బెంగుళూరులో 10 కిలోమీటర్లు ప్రయాణించడానికి సగటున 34 నిమిషాల పైచిలుకు పట్టింది. గంటకు 18 కిలోమీటర్లు కూడా లేదన్నమాట. కార్ల నుంచి సేకరించిన వివరాలివి. సందుల్లోంచి దూరిపోయే ద్విచక్ర వాహనాలు కాస్త ముందుండవచ్చు. అయినా, సగటు వేగం 20 దరిదాపుల్లో ఉన్న చోట 45 దగ్గర గోడ కట్టి ఆదా చేసేదేముంటుంది అన్న సందేహం సహజం.

జవాబు రద్దీ స్వభావాన్ని బట్టి ఉంటుంది. సాయంత్రం ఆరు గంటల వేళ బండ్లు పాకుతూ పోయే చోట ఏ మోడ్‌లో ఉన్నా ఒకటే. పది, పదిహేను వేగంలో ఎదురుగాలి లెక్కలోకి రాదు. ఇంజను వృథాగా తిరగడమన్న సమస్య విద్యుత్ బండికి లేదు. ఆగి ఉన్నప్పుడు దీపం, తెర తినే స్వల్ప విద్యుత్ తప్ప ఖర్చేమీ ఉండదు. పెట్రోలు బండికి నష్టం తెచ్చే ఈ పరిస్థితిలోనే విద్యుత్ బండి నిజమైన మేలు బయటపడుతుంది. దానికి ఎకో మోడ్‌తో సంబంధం లేదు.

రెండో రకం రద్దీ మధ్యాహ్నం కనిపిస్తుంది. సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు, స్పీడ్ బ్రేకర్ నుంచి స్పీడ్ బ్రేకర్‌కు మూడు వందల, నాలుగు వందల మీటర్ల ఖాళీ దొరుకుతుంది. పచ్చదీపం పడగానే అందరూ దూకుతారు, మరుక్షణం బ్రేకు వేస్తారు. ఇక్కడ ఖర్చయ్యేది గాలి మీద కాదు, కదలిక మీద. 200 కిలోల భారాన్ని 45 వేగానికి తీసుకెళ్లడానికి సుమారు 4.3 వాట్-అవర్లు కావాలి. 30 వేగానికైతే 2 కంటే తక్కువే చాలు. కిలోమీటరుకు మూడుసార్లు ఆగి కదిలితే ఈ తేడా 7 వాట్-అవర్లు. బ్రేకు వేసినప్పుడు మోటారే జనరేటరుగా మారి కొంత శక్తిని తిరిగి బ్యాటరీకి చేరుస్తుందన్న మాట నిజమే గాని, తిరిగివచ్చేది ఒక భాగమే. గట్టిగా చేతి బ్రేకు వేసేవారికి అదీ దక్కదు, ఆ శక్తి బ్రేకు పళ్లెంలో వేడిగా పోతుంది.

ఈ రకం రద్దీలో ఎకో మోడ్ పని చేస్తుంది. బండిని దూకనివ్వదు గనుక రెండు సిగ్నళ్ల మధ్య అది చేరే గరిష్ఠ వేగం తగ్గుతుంది. కాలం మాత్రం పెద్దగా పోదు. దూకినవాడూ, నెమ్మదిగా వచ్చినవాడూ తర్వాతి ఎర్రదీపం దగ్గర కలుసుకుంటారు. నగర ప్రయాణంలో పొదుపు మీటను నిస్సంకోచంగా సమర్థించదగిన సందర్భం ఇదొక్కటే అనవచ్చు.

మూడోది ఖాళీ రోడ్డు. నగర శివార్లలోని నాలుగు వరుసల రహదారి, తెల్లవారుజామున ప్రధాన వీధి, పొడవైన ఫ్లైఓవర్. లెక్క ప్రకారం ఎకో మోడ్ అత్యధికంగా ఆదా చేసేది ఇక్కడే. ఇబ్బంది కూడా ఇక్కడే. 2018 ఏప్రిల్‌లో కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ ప్రకటించిన పరిమితుల ప్రకారం మోటారు సైకిళ్లు పురపాలక పరిధిలోని రోడ్ల మీద 60 వరకు, నాలుగు వరుసల విభజిత రహదారుల మీద 80 వరకు వెళ్లవచ్చు. చుట్టూ లారీలు, బస్సులు 60, 70 వేగంతో పోతుంటే 45 దగ్గర కట్టుబడిన బండి వాటికి అడ్డంకి అవుతుంది. వెనుక నుంచి వచ్చే వాహనం హారను మోగించి పక్కకు తోసే ప్రయత్నం చేస్తుంది. ఆగి ఉన్న ఆటోను దాటాలన్నా, యూ టర్న్ తీసుకుని వేగంగా పోయే వరుసలో కలవాలన్నా అప్పటికప్పుడు కావలసిన శక్తిని ఎకో మోడ్ ఇవ్వదు. ఆ రెండు క్షణాల్లో మీట వెతుక్కునే వ్యవధి ఎవరికీ ఉండదు.

ఎత్తు ఎక్కేటప్పుడు ఈ లోటు మరింత తెలుస్తుంది. ఒక్కరే చదునైన దారిలో 40 వేగంతో పోతుంటే చక్రం దగ్గర 0.8 కిలోవాట్ చాలు. వెనుక మరొకరిని కూర్చోబెట్టుకుని, 30 మీటర్లకు ఒక మీటరు చొప్పున లేచే ఫ్లైఓవర్ ఎక్కుతూ అదే వేగం నిలబెట్టుకోవాలంటే 1.9 కిలోవాట్లు కావాలి. రెట్టింపు దాటిందన్నమాట. ప్రవాహానికి గట్టిగా హద్దు గీసిన బండి అక్కడ 40 నుంచి 30కి జారుతుంది. బంజారాహిల్స్ ఎగుడుదిగుళ్లలోనో విశాఖపట్నం కొండవాలు వీధుల్లోనో తిరిగేవారికి దీన్ని వేరే వివరించనవసరం లేదు. విజయవాడ, చెన్నై వంటి చదునైన ఊళ్లలో ఈ బాధ ఫ్లైఓవర్ల వరకే పరిమితం.

నెమ్మదిగా పోవడం ప్రమాదకరమని వాదించడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనదారులు. మొత్తం మరణాల్లో 70 శాతానికి పైగా అతివేగం ఖాతాలోనివే. నగరంలో ఏ వీధిలోనూ చట్టం అనుమతించని 90, 100 కిలోమీటర్ల వేగాన్ని స్పోర్ట్ పేరిట ఊరించి అమ్మడం కంటే 45 దగ్గర గోడ కట్టడం వెయ్యి రెట్లు నయం. అయితే భద్రత కేవలం వేగాన్ని బట్టి ఉండదు, పక్క వాహనానికీ తనకూ ఉన్న వేగ వ్యత్యాసాన్ని బట్టి కూడా ఉంటుంది. వీధిలో అందరినీ కాపాడే నెమ్మదితనం రహదారిపై ఒంటరివాడిని బలిచేయవచ్చు.

రూపాయల్లో ఎంత?

ఇక ఆదా సంగతి. రోజుకు 30 కిలోమీటర్లు తిరిగే ఉద్యోగి ఎకో మోడ్ వల్ల కిలోమీటరుకు 8 వాట్-అవర్లు మిగుల్చుకున్నాడనుకుందాం. రోజుకు మిగిలేది పావు యూనిట్ కంటే తక్కువ. యూనిట్ 8 రూపాయలనుకున్నా రోజుకు 2 రూపాయలు, నెలకు 60. పెట్రోలు లీటరు 100 రూపాయలు దాటిన రోజుల్లో బండిని విద్యుత్తుకు మార్చడం వల్లనే నెలకు వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా మిగుల్చుకున్న వ్యక్తికి ఈ అరవై ఒక లెక్క కాదు. మైలేజీ అనే మాటను మనం పెట్రోలు కాలం నుంచి మోసుకొచ్చాం. అప్పట్లో మైలేజీ అంటే డబ్బు. విద్యుత్ బండికి మైలేజీ అంటే డబ్బు కంటే కాలం, నిశ్చింత. ఇంటికి చేరతామా లేదా అన్నదే అసలు ప్రశ్న.

పొదుపు వల్ల నిజంగా డబ్బు మిగిలే చోటు మరొకటుంది. అది బ్యాటరీ ఆయుష్షు. బండి ధరలో పెద్ద వాటా బ్యాటరీదే. తీగలో ప్రవాహం రెట్టింపైతే పుట్టే వేడి నాలుగు రెట్లవుతుందన్నది పాఠశాల పాఠమే. మే నెలలో బయట 42 డిగ్రీలున్నప్పుడు బ్యాటరీ గడులను తరచూ గరిష్ఠ ప్రవాహంతో పిండితే అవి త్వరగా ముసలివవుతాయి. 2022లో వరుసగా విద్యుత్ స్కూటర్లు అగ్నికి ఆహుతి అయిన తర్వాత కేంద్రం ఏఐఎస్-156 భద్రతా ప్రమాణాలను కఠినతరం చేసి, 2022 డిసెంబరు నుంచి, 2023 మార్చి 31 నుంచి రెండు దశలుగా అమలు చేసింది. ఆ ప్రమాణాలు మంటల నుంచి రక్షణకు ఉద్దేశించినవి, వార్ధక్యం నుంచి రక్షణకు కాదు. వేసవిలో ఎకో మోడ్‌లో నడపడం వల్ల బ్యాటరీ తక్కువ వేడెక్కుతుంది, తక్కువసార్లు చార్జి అవుతుంది. నెలకు 60 రూపాయలు మిగలడం కంటే ఐదారేళ్ల తర్వాత దీనివల్ల మిగిలేదే ఎక్కువ. విచిత్రమేమంటే ఏ ప్రకటనలోనూ ఈ మాట పెద్ద అక్షరాల్లో కనిపించదు.

పొదుపు ఎవరికి తప్పనిసరి?

పైన చెప్పిన ఉద్యోగికి ఎకో మోడ్ ఇష్టాయిష్టాల వ్యవహారం. రాత్రి ఇంట్లో చార్జి పెడతాడు, పగలు ఎలా నడిపినా చెల్లుతుంది. ఆహారం, సరుకులు చేరవేసే కార్మికుడి పరిస్థితి వేరు. నీతి ఆయోగ్ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం 2020-21లో దేశంలో 77 లక్షల మంది ఇలాంటి యాప్ ఆధారిత, ఒప్పంద పనుల్లో ఉన్నారు. 2029-30 నాటికి ఆ సంఖ్య 2.35 కోట్లకు చేరుతుందని అంచనా. వీరందరూ బండి మీద తిరిగేవారు కాకపోయినా, తిరిగేవారి సంఖ్య తక్కువేమీ కాదు. ఢిల్లీ ప్రభుత్వం 2023 నవంబరులో ప్రకటించిన పథకం ప్రకారం 25 లేదా అంతకు మించి వాహనాలున్న రవాణా, డెలివరీ సంస్థల బండ్లన్నీ 2030 ఏప్రిల్ 1 నాటికి విద్యుత్ బండ్లు కావాలి. అంటే ఈ వర్గం విద్యుత్తుకు మారడం ఇక ఎంపిక కాదు, షరతు.

రోజుకు 120 కిలోమీటర్లు తిరిగే కార్మికుడి దగ్గర మూడు యూనిట్ల బ్యాటరీ ఉందనుకుందాం. ఎకో మోడ్‌లో కిలోమీటరుకు 25 వాట్-అవర్లు పడితే 120 కిలోమీటర్లు సరిగ్గా సరిపోతాయి. నార్మల్ మోడ్‌లో 33 పడితే 90 దగ్గర ఆగిపోతుంది. ఆ 90 పూర్తయ్యేది సాయంత్రం ఏడు, ఎనిమిది గంటల మధ్య. భోజనాల ఆర్డర్లు వెల్లువెత్తే వేళ అది. అప్పుడు బండిని చార్జింగుకు పెట్టి గంటా రెండు గంటలు కూర్చుంటే ఆ రోజు సంపాదనలో పెద్ద భాగం పోయినట్టే. బ్యాటరీ మార్చుకునే కేంద్రాలు దగ్గరలో ఉంటే సరే, దానికీ రుసుము ఉంటుంది. కనుక అతడు పొద్దున్నుంచే ఎకో మోడ్‌కు కట్టుబడతాడు. మరోపక్క యాప్ గడియారం అతడిని తొందరపెడుతూ ఉంటుంది. బండి నెమ్మదిగా పొమ్మంటుంది, ఫోను వేగంగా పొమ్మంటుంది. ఈ రెండింటి మధ్య పోయిన నిమిషాలను అతడు ఎదురు దిశలో దూరి, ఎర్రదీపం దాటి రాబట్టుకుంటే తప్పు అతడొక్కడిదే అనగలమా? పొదుపు మోడ్ వేగాన్ని అదుపు చేసింది గాని తొందరను అదుపు చేయలేదు.

దీనికి తోడు చార్జి అడుగంటినప్పుడు అనేక బండ్లు తమంత తామే పొదుపు స్థితికి దిగిపోతాయి. ఇంజనీరు దృష్టిలో అది సరైన ఏర్పాటే. రాత్రి పదకొండు గంటలకు ఫ్లైఓవర్ మధ్యలో బండి ఒక్కసారిగా నీరసపడినప్పుడు నడిపేవాడికి అది అలా తోచదు.

మరో వర్గం కూడా ఉంది. మోటారు సామర్థ్యం 250 వాట్లకు, వేగం 25 కిలోమీటర్లకు లోబడిన బండ్లను కేంద్ర మోటారు వాహన నిబంధనలు మోటారు వాహనాలుగా పరిగణించవు. వాటికి రిజిస్ట్రేషన్ అక్కరలేదు, లైసెన్సు అక్కరలేదు. డెలివరీ పనిలో చేరే యువకులు అనేకులు అద్దెకు తీసుకునేవి ఇవే. జీవితకాలం ఎకో మోడ్‌లో ఉండిపోయిన బండ్లివి. వాటిని 60 వేగంతో పోయే వాహనాలున్న రోడ్డు మీదకే వదులుతున్నాం, వేరే దారి చూపకుండా.

పరీక్షలో దాగిన పొదుపు

ప్రకటనల్లోని దూరాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూస్తే మరో విషయం బయటపడుతుంది. మన దేశంలో విద్యుత్ ద్విచక్ర వాహనాల ధ్రువీకృత దూరాన్ని భారతీయ చోదన చక్రం అనే పరీక్ష ఆధారంగా లెక్కిస్తారు. క్లుప్తంగా ఐడీసీ. 1980ల నాటి మన రోడ్ల తీరును బట్టి రూపొందించినది. 108 సెకండ్ల నమూనా ప్రయాణాన్ని రోలర్ల మీద మళ్లీ మళ్లీ నడుపుతారు. అందులో గరిష్ఠ వేగం 42 కిలోమీటర్లు, సగటు వేగం 22కు కొంచెం తక్కువ. ఎకో మోడ్ గోడ 45 దగ్గర ఉంటే, పరీక్షలో బండి ఎన్నడూ ఆ గోడను తాకదు. మరోలా చెప్పాలంటే అధికారిక పరీక్ష మొత్తం పొదుపు ప్రయాణమే. వెనుక మనిషి ఉండడు, ఫ్లైఓవర్ ఉండదు, ఎదురుగాలి వాన ఉండవు.

నగరం నడిబొడ్డున తిరిగేవారికి ఆ పరీక్ష అంత అన్యాయమైనదేమీ కాదన్నది ఒప్పుకోవాలి. ఇప్పటి బెంగుళూరు సగటు వేగం 1980ల నాటి పరీక్ష సగటు కంటే తక్కువగా ఉండడం మన నగరాల గురించి చాలా చెబుతోంది. చిక్కంతా శివార్ల నుంచి వచ్చేవారితోనే. ఇళ్ల ధరలు నగరం నుంచి తరిమేసిన మధ్యతరగతి ఉద్యోగి రోజూ పదిహేను కిలోమీటర్లు ఖాళీ రహదారి మీద, ఐదు కిలోమీటర్లు రద్దీలో ప్రయాణిస్తున్నాడు. అతడి బండి దూరం అతడి అంచనాకు ఆమడ దూరంలో ఆగిపోతోంది. కొన్ని కంపెనీలు ఈ సంగతి గ్రహించి రెండో అంకెను కూడా చెప్పడం మొదలుపెట్టాయి. 2022లో వచ్చిన ఏథర్ 450ఎక్స్ మూడో తరం స్కూటర్‌కు ధ్రువీకృత దూరం 146 కిలోమీటర్లు కాగా, వాస్తవ దూరం 105 అని కంపెనీయే పేర్కొంది. నిజాయితీ మెచ్చదగినదే. కానీ వాస్తవ దూరాన్ని ఎలా కొలవాలన్నది ఎవరికి వారు నిర్ణయించుకుంటున్నంత కాలం ఒక కంపెనీ వాస్తవాన్ని మరో కంపెనీ వాస్తవంతో పోల్చడం సాధ్యం కాదు. పెట్రోలు ద్విచక్ర వాహనాల కాలుష్య పరీక్షను ప్రపంచస్థాయి చక్రానికి మార్చిన దేశం, విద్యుత్ బండి దూరాన్ని మాత్రం పాత కొలబద్దతోనే కొలుస్తుండడం గమనార్హం.

రాయితీ దేనికి ఇచ్చాం?

ప్రభుత్వ విధానంలో పొదుపుకు దక్కిన స్థానం స్వల్పం. 2019 ఏప్రిల్‌లో మొదలైన ఫేమ్ రెండో దశ పథకం ద్విచక్ర వాహనాలకు రాయితీని బ్యాటరీ పరిమాణాన్ని బట్టి లెక్కించింది. మొదట యూనిట్ సామర్థ్యానికి 10 వేల రూపాయలు, 2021 జూన్ నుంచి 15 వేలు, 2023 జూన్ నుంచి మళ్లీ 10 వేలు. బ్యాటరీ పెద్దదైతే రాయితీ పెద్దది. బండి ఎంత పొదుపుగా నడుస్తుందన్నదానికి బహుమానమేమీ లేదు. 100 కిలోమీటర్లకు 7 యూనిట్లకు మించి వాడరాదన్న నిబంధన ఒకటి ఉండేది గాని, మంచి బండి వాడేది అందులో సగమే గనుక అది ఎవరినీ నిలువరించిన హద్దు కాదు.

2024 మార్చితో ఆ పథకం ముగిసింది. అదే ఏడాది అక్టోబరులో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ యూనిట్‌కు 5 వేలు, 2025-26లో 2,500 మాత్రమే ఇచ్చింది. 2025లో సవరించిన నిబంధనల ప్రకారం పథకాన్ని 2028 దాకా పొడిగించినా ద్విచక్ర వాహనాలకు రాయితీ గడువు 2026 మార్చి 31గానే ఉంచారు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ప్రకటించిన రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయింపు 2026 డిసెంబరు వరకు.

రాయితీ తగ్గేకొద్దీ ధర లక్షకు లోపు నిలబెట్టడానికి కంపెనీలు ఎంచుకున్న మార్గం బ్యాటరీని కుదించడం. 2024లో ఓలా 2 యూనిట్ల, టీవీఎస్ 2.2 యూనిట్ల నమూనాలను తెచ్చాయి. తక్కువ ధరకు బండి దొరకడం మంచిదే. అయితే నాలుగు యూనిట్ల బండి కొన్న సంపన్నుడికి ఎకో మోడ్ అలంకారం కాగా, రెండు యూనిట్ల బండి కొన్న చిరుద్యోగికి అది జీవన విధానం. ఖాళీ రోడ్డు మీద లారీల మధ్య 45 దగ్గర ఇరుక్కునే అవకాశం ఎవరికి ఎక్కువో వేరే చెప్పనక్కరలేదు.

ఖర్చులేని పని ఒకటి ప్రభుత్వం చేతిలో ఉంది. ఫ్యానుకు, ఫ్రిజ్‌కు నక్షత్రాల చీటీ అంటించే దేశంలో లక్ష రూపాయల బండికి అలాంటి చీటీ లేదు. ప్రతి మోడ్‌కు గరిష్ఠ వేగం ఎంత, నిలకడగా 40లో ఎంత దూరం, 60లో ఎంత దూరం, వెనుక మనిషితో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నిలబెట్టుకోగల వేగం ఎంత అన్న నాలుగు వివరాలను ఒకే పద్ధతిలో కొలిపించి బండి మీద అంటించమని ఆదేశించవచ్చు. పెద్ద అంకెతో పాటు దాని షరతు కూడా ప్రకటనలో అదే సైజు అక్షరాల్లో ఉండాలని నిర్దేశించవచ్చు. అప్పుడు దుకాణంలో మైలేజీ ఎంత అని అడిగిన వ్యక్తికి, మీ ఇంటి నుంచి ఆఫీసుకు దారి ఎలా ఉంటుంది అన్న ఎదురు ప్రశ్న వస్తుంది. ప్రస్తుతానికి ఆ ప్రశ్నను కొనేవారే తమకు తాము వేసుకోవలసి ఉంది.